వస్తామన్నవారు, వచ్చినవారు

ఇరవై రెండేళ్లు ఇళ్లలో డబ్బాల మీటింగులు పెట్టించాను. పప్పులు, పొడులు పోసుకునే ప్లాస్టిక్ డబ్బాలు అమ్మే కంపెనీ మాది. దానికి దుకాణం లేదు. ఒక ఇల్లాలు తన ఇంట్లో చాపలు పరిచి ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలుస్తుంది. నేను వెళ్లి డబ్బాలు చూపిస్తాను. కావలసినవాళ్లు పేరు రాయిస్తారు. రెండు వారాలకు సరుకు తెచ్చి ఇస్తాను. జనగామలో మొదలుపెట్టి మహబూబాబాద్ వైపు, చివరికి భూపాలపల్లి దాకా తిరిగాను. నిరుడు మానేశాను.

కొత్తగా చేరిన అమ్మాయిలు ఇప్పటికీ ఫోన్ చేస్తుంటారు. డబ్బా ఎలా చూపించాలి, ఏం మాట్లాడాలి అని అడుగుతారు. అది నాలుగు రోజుల్లో వచ్చే విద్య. డబ్బాలో నీళ్లు పోసి, మూత నొక్కి, తలకిందులు చేస్తే చాలు. అసలు కష్టమైన సంగతి ఎవరూ అడగరు. వస్తామన్నవాళ్లను రప్పించడం ఎలా? సరుకు అమ్ముడుపోకపోతే అది కంపెనీ బాధ. మనిషే రాకపోతే పోయేది ఆ ఇల్లాలి పరువు. మర్నాడు ఆమె అదే గల్లీలో, అదే నల్లా దగ్గర, ఆ రానివాళ్ల మధ్యే బిందె పట్టుకొని నిలబడాలి. పరిచిన చాపల మీద ఎవరూ కూర్చోకపోతే ఇల్లాలి ముఖం ఎలా ఉంటుందో నేను చాలాసార్లు చూశాను. ఆ సంగతే రాస్తాను.

తప్పకుండా వస్తం

నా మొదటి మీటింగు జనగామలో, మా ఇంటి వెనక వీధిలో. పదకొండు మందిని పిలిచాం. పదకొండు మందీ "తప్పకుండా వస్తం శోభక్కా" అన్నారు. వచ్చింది ఇద్దరు. అందులో ఒకరు ఆ ఇంటివాళ్ల ఆడబిడ్డ. రెండో ఆమె పెరుగు తోడుకు వచ్చి, మొహమాటానికి కూర్చుంది.

మా పైన ప్రమీల మేడం అని ఉండేది. హనుమకొండ నుంచి వచ్చేది. కష్టజీవి. వానలో బస్సు ఆగిపోతే రెండు మైళ్లు నడిచొచ్చిన మనిషి. కానీ ఆవిడకు అచ్చు మీద నమ్మకం ఎక్కువ. నోటిమాటతో పిలిస్తే విలువ ఉండదని కార్డులు కొట్టించింది. బంగారు రంగు అంచు, మీద రెండు దీపాలు, లోపల "ఆనందాల వేదికకు ఆత్మీయ ఆహ్వానం" అని అక్షరాలు. నాకు ఆ మాటలు మింగుడుపడలేదు. డబ్బాల సంగతి డబ్బాలని రాస్తే పోయేది. కొత్తదాన్ని కాబట్టి నోరు విప్పలేదు.

రఘునాథపల్లిలో ఇరవై కార్డులు పంచాం. ఒక్కరూ రాలేదు. సాయంత్రం ఒకామెను అడిగితే నన్నే ఎదురు అడిగింది:

"కార్డిచ్చిన్రంటె ఫంక్షనాయె. ఉట్టి చేతులతోని ఎట్లొస్తమక్కా? చీరన్న పెట్టాలె గద! ఇంతకు ఎవల పెండ్లి?"

మిగిలిన కార్డులు చాలా కాలం మా ఇంట్లో ఉన్నాయి. నేను బస్సులో చదువుకునే పుస్తకాల్లో పేజీ గుర్తుగా పెట్టుకున్నాను. వాటి వల్ల జరిగిన మేలు అదొక్కటే.

ఆ ఏడాదంతా గమనించగా ఒకటి తెలిసింది. "తప్పకుండా వస్తం" అన్న మనిషి రాదు. ఆ మాట మనల్ని వాకిట్లోంచి మర్యాదగా పంపించడానికి. వచ్చే మనిషి ఏదో ఒకటి అడుగుతుంది. ఎన్ని గంటలకు? ఎవరెవరొస్తున్నరు? పిల్లను ఎత్తుకొని రావచ్చునా? అడిగిందంటే మనసులో అప్పుడే బయల్దేరిందన్నమాట. విసుక్కుంటూ "గప్పుడే ఎట్లొస్త, నల్లా వచ్చే టైమాయె" అన్న మనిషి మీద కూడా నాకు ఆశ ఉండేది. తీయగా మాట్లాడి తలుపు మూసినవాళ్ల మీద ఉండేది కాదు.

ఇప్పటి అమ్మాయిలు వాట్సాప్ గ్రూపులో పెడతారు. నలభై మంది బొటనవేలు చూపిస్తారు. ఆ వేలు కూడా "తప్పకుండా వస్తం" లాంటిదే. ఫోన్ వద్దని చెప్పను. పొద్దున గుర్తు చేయడానికి పనికొస్తుంది. పిలవడానికి పనికిరాదు.

తొర్రూరులో లచ్చవ్వ

మా వైపు ఆడవాళ్లను ఇంటికి పిలవాలంటే బొట్టు పెట్టి పిలవాలి. కుంకుమ బరిణె పట్టుకొని ఇంటింటికీ పోయి, నుదుట బొట్టు పెట్టి "రేపు మా ఇంటికి రావాలె" అంటే అది పిలుపు. కార్డుల తర్వాత నేను ఈ పద్ధతికే వచ్చాను. బాగా పనిచేసింది. ఇల్లాలితో పాటు నేనూ బరిణె పట్టుకొని తిరిగేదాన్ని.

తొర్రూరులో కిరాణం వాళ్ల కోడలు మాధవి ఇంట్లో మీటింగు పెట్టుకున్నాం. ముందురోజు ఇద్దరం గల్లీలో బొట్టు పెడుతూ పోతున్నాం. మధ్యలో ఒక పెంకుటింటి గడపలో ఒక ముసలామె నిలబడి ఉంది. నుదురు బోసిగా ఉంది. మాధవి నా మోచేయి తాకి, "ముందటికి పోదాం, ఆమెకు పెట్టరు గద" అంది. ఎడమ పక్కింట్లో పెట్టాం. కుడి పక్కింట్లో పెట్టాం. ఆ గడప ముందు నేను తల దించుకొని నడిచాను. ఆమె చూస్తూనే ఉంది. అప్పట్లో అది నాకు తప్పుగా తోచలేదు. అందరూ చేసేదే కదా అనుకున్నాను.

మర్నాడు పద్నాలుగు మందికి చాపలు పరిస్తే ముగ్గురు వచ్చారు. మాధవి చాయ్ గిన్నె దించి మళ్లీ పెట్టి, మళ్లీ దించింది. మధ్యాహ్నం నేను సంచులు సర్దుకొని వస్తుంటే ఆ పెంకుటింటి అరుగు మీద నవ్వులు వినిపించాయి. చూద్దును కదా, మేము బొట్టు పెట్టినవాళ్లలో పదిమంది అక్కడే కూర్చొని చింతపండు గింజలు తీస్తున్నారు. మధ్యలో ఆ ముసలామె. పేరు లచ్చవ్వ. ఆ గల్లీలో పుట్టిన పిల్లలందరికీ నూనె రాసి స్నానం చేయించింది ఆమేనట. "ఇంటికొకలు రాండ్రి, చింతపండు కొట్టేదున్నది" అని పొద్దున ఒక్క కేక వేసిందట. అంతే.

నన్ను చూసి పిలిచింది. "ఏం బిడ్డా, ఎవ్వలు రాలేదా? జర కూసో."

నేను నిలబడే ఉన్నాను.

"కూసోవే. నేనేమన్న కొడ్తనా? గా సంచిలున్నయి ఏంది?"

"డబ్బాలు, అవ్వా. పప్పులు పోసుకునేటియి."

"బొట్టు లేనోళ్లు పప్పు తినరా? ఉప్పు పోసుకోరా?"

గింజలు తీస్తున్న ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు, కోపంగానూ లేదు. "తప్పయింది అవ్వా" అన్నాను.

"తప్పేంది తియ్యి. నీకు ఎట్ల పిలవాల్నో తెల్వదు. బొట్టు పెట్టకు, నాకేం రంది లేదు. గడప దాటి లోపలికి రా. కూసో. లచ్చవ్వా, జర మంచినీళ్లియ్యి అని అడుగు. నా చేతి నీళ్లు తాగి పిలిస్తె నేనెందుకు రాను?"

నీళ్లు తెప్పించింది. తాగాను. తాగుతుండగానే ఇంకోమాట చెప్పింది. "నువ్వు ఉట్టిగ రమ్మంటివి. నేను పనున్నది రమ్మన్న. పని చెప్తె ఆడిది ఆగుతదా?"

ఇరవై రెండేళ్లలో నాకు పనికొచ్చిన పాఠాలు ఈ రెండే. రెండూ ఆ అరుగు మీద, పదిహేను నిమిషాల్లో విన్నాను. కంపెనీ వాళ్లు హోటల్లో భోజనాలు పెట్టి రోజంతా చెప్పిన శిక్షణల్లో ఇవి లేవు.

ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆయన మామూలుగా అడిగేది అడిగాడు. "ఎంతమంది వచ్చిన్రు?" ఆయన బస్సు డిపోలో మెకానిక్. ఏ మీటింగు నుంచి వచ్చినా ఆ ఒక్క ప్రశ్నే. ఎంత అమ్మావని ఎన్నడూ అడగలేదు. జరిగింది చెప్పాను. కాసేపు అన్నం కలుపుతూ ఉండి, "మా అవ్వ గూడ గట్లనే గడపల నిలబడేది" అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పని చెప్పి పిలవడం

అప్పటినుంచి ఉట్టి చేతులతో రమ్మని ఎవరినీ పిలవలేదు. ఒకరిని చాప తెమ్మనేదాన్ని. ఒకరిని చాయ్ గ్లాసులు. పచ్చళ్లు బాగా పెట్టే ఆమెను "నీ ఆవకాయ కొంచెం తే, డబ్బాల పోసి నూనె కారుతదో లేదో అందరి ముంగట చూద్దాం" అనేదాన్ని. ఆమె మెరుస్తున్న గిన్నెతో అందరికంటే ముందు వచ్చేది. మా డబ్బాకు అంతకంటే గట్టి పరీక్షా లేదు. ఒకసారి నూనె కారింది కూడా. అందరూ పకపకా నవ్వారు. ఆ మూత మార్చి తెచ్చి ఇచ్చాను. నవ్విన చోట మనిషి మళ్లీ వస్తుంది.

కాలం కూడా చూడాలి. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు ఊళ్లో మీటింగు పెట్టడం తెలివితక్కువ. మహబూబాబాద్ దగ్గర ఒక తండాలో నేను ఆ తెలివితక్కువ పని చేశాను. మిరపకాయలు ఏరే రోజులు. అడిగిన ప్రతి ఆమె తెలుగులో "వస్తం" అంది. తర్వాత వాళ్లు తమ భాషలో ఏదో అనుకొని నవ్వుకున్నారు. నిర్ణయం జరిగింది ఆ రెండో మాటలో. నాకు అది అర్థం కాలేదు. మరుసటి ఏడు ఆ తండా ఆడపడుచునే వెంటబెట్టుకొని, ఏరుడు పని అయిపోయాక వెళ్లాను. ఆమె వాళ్ల మాటలో పిలిచింది. వాళ్లలో ఒక్కరొక్కరుగా రావడం ఉండదు. రాకపోతే ఎవరూ రారు, వస్తే ఇళ్లకు తాళాలే. ఆ రోజు తాళాలే పడ్డాయి.

నేను గడపలో నిలబడ్డ ఏడు

మా ఆయన పోయి నాలుగేళ్లవుతుంది. గుండె. దవాఖానకు తీసుకుపోయేలోపే. దాని గురించి ఎక్కువ రాయను. రాస్తే ఆయనకు నచ్చదు.

ఆరు నెలలు ఇంట్లో ఉన్నాను. వీధిలో ఎవరింట్లోనో ఏదో పండుగ. బరిణె పట్టుకొని ఇద్దరు వచ్చారు. మా ఎడమ పక్కింట్లో పెట్టారు, కుడి పక్కింట్లో పెట్టారు. నేను గడపలో ఉన్నాను. వాళ్లు తల దించుకొని నడిచారు. వాళ్లను తప్పుపట్టలేదు. ఆ నడక నాకు తెలిసినదే.

పనిలోకి వస్తానని ఫోన్ చేశాను. ప్రమీల మేడం స్థానంలో వచ్చిన యువకుడు మంచివాడే. "ఆంటీ, మీరు రండి. కాకపోతే ఇంటింటికీ తిరగడం వేరేవాళ్లు చేస్తారు. మీరు ఫోన్లో చూసుకోండి" అన్నాడు. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. నాకు తెలిసిన పని పిలవడం ఒక్కటే. అది నా చేతిలోంచి పోయిందా లేదా అన్నది తేలాలి. పోయి ఉంటే మానేద్దామనుకున్నాను.

తేలింది భూపాలపల్లిలో.

రజిత మొదటి మీటింగు

రజిత అని కొత్తగా చేరిన పిల్ల. బొగ్గుగని కాలనీలో ఉంటుంది. భర్త గనిలో పనిచేస్తాడు. ఇంట్లో అత్త కొమురమ్మ. ఆ పిల్లకు మొదటి మీటింగు. నేర్పడానికి నన్ను పంపారు. రేగొండలో మా చెల్లెలి ఇంట్లో దిగి, పొద్దునే బస్సులో వెళ్లాను.

కొమురమ్మ చాయ్ ఇచ్చింది. ఇస్తూనే కోడలికి చెప్పింది. "ఒక్కపారి జూస్త. ఎవ్వలన్న వస్తె చేసుకో. ఎవ్వలు రాకుంటె గీ డబ్బలు సంచిల కట్టి అటుక మీద పెట్టు. నలుగుట్ల నగుబాటు నాతోని కాదు."

రజిత కుంకుమ బరిణె తీసింది. నేను లేవబోయాను. కొమురమ్మ నా వంక చూడకుండా అంది. "శోభమ్మా, నువ్వు గీడ్నే కూసో. మొదటి పిలుపాయె. ఏమనుకోకు."

ఏమీ అనుకోలేదని చెప్పి కూర్చున్నాను.

గంటకు రజిత వెలిగిపోతూ తిరిగొచ్చింది. "పదహారు ఇండ్లు ఆంటీ! అందరు తప్పకుండా వస్తమన్నరు."

"ఎవరన్నా ఎన్ని గంటలకని అడిగారా?"

ఆలోచించింది. "లేదు."

"పిల్లల సంగతి? ఎవరొస్తున్నారని?"

"లేదాంటీ. మంచిగ నవ్విన్రు."

ఇంక కూర్చోలేకపోయాను. కాలనీ చూసొస్తానని కొమురమ్మతో చెప్పి బయటికి వచ్చాను. చేతిలో బరిణె లేదు. గేటు దాకా వెంట వచ్చిన రజితను అడిగాను: నువ్వు బొట్టు పెట్టకుండా దాటిన ఇల్లేది?

"స్వరూపక్కది" అంది మెల్లగా.

స్వరూప భర్త గనిలో పనిచేస్తూ చనిపోతే ఆ ఉద్యోగం ఆమెకు ఇచ్చారు. ఆఫీసులో సెలవు కాగితాలు చూసే చోట ఉంటుంది. నలభై ఏళ్లుంటాయేమో. తలుపు తీసి, నా నుదురు చూసి, పక్కకు జరిగింది. నేను గడప దాటి కుర్చీలో కూర్చున్నాను.

"స్వరూపా, జర మంచినీళ్లియ్యమ్మా."

ఆమె నీళ్లు తెచ్చింది. తాగి, పిలిచాను. ఎందుకు వచ్చానో దాచలేదు. ఆ పిల్లకు మొదటి మీటింగు, రేపు ఎవరూ రాకపోతే మానిపిస్తారు అని చెప్పాను.

"డ్యూటీల అందరు మేడం మేడం అంటరక్కా" అంది. "కాలనీల ఎవలింట్ల ఏమైనా నన్ను పిలువరు. అలవాటైంది." ఖాళీ గ్లాసు అందుకుంటూ అడిగింది. "ఎన్ని గంటలకు?"

"పదకొండుకు."

"అయితె వస్త. నాకు రెండింటికి డ్యూటీ. ఏమన్న తేవాల్నా?"

"చాప తే. పెద్దది."

తర్వాత ఇంకో ఎనిమిది ఇళ్లు తిరిగాను. రాత్రి షిఫ్టు చేసొచ్చి మగవాళ్లు పడుకునే ఇళ్లు ఏవో స్వరూపే చెప్పింది. ఆ ఇళ్లలో ఆడవాళ్లు పొద్దంతా గిన్నె చప్పుడు కాకుండా మెలగాలి. బయటికి పిలిస్తే ప్రాణం లేచొస్తుంది. ప్రతి ఇంట్లో కూర్చున్నాను, నీళ్లు అడిగాను. రెండిళ్లలో వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడారు. అక్కడ అడగలేదు.

మర్నాడు పదకొండయింది. ఎవరూ లేరు. పదకొండూ పది. రజిత డబ్బాల మూతలు తీస్తూ పెడుతూ ఉంది. కొమురమ్మ ఒక చాప అంచు పట్టుకొని, "మడుస్తున్న" అంది.

"ఇంకో ఐదు నిమిషాలు, వదినా."

"నీ ఐదు నిమిషాలు పొద్దుగూకెదాక ఉంటయి."

అప్పుడు గేటు చప్పుడైంది. చంకలో చుట్టిన చాపతో స్వరూప. వెనక ఐదుగురు ఆడవాళ్లు. అందులో ముందున్నామె లోపలికి వస్తూనే అంది. "మా ఆయన లీవు కాగితం గీమె చేతులనే ఉన్నది. రాకుంటె ఎట్ల?"

"కాగితం నిన్ననే పంపిన గాదె, అబద్ధాలకోరా" అంది స్వరూప. ఇల్లంతా నవ్వు. ఆ నవ్వు విని ఎదురు క్వార్టర్ తలుపు తెరుచుకుంది. రాత్రి షిఫ్టు వాళ్ల ఆడవాళ్లు వచ్చారు. "వస్తం" అన్నవాళ్లలో కూడా కొందరు, తాము లేకుండా ఏం జరుగుతుందోనని వచ్చారు. పంతొమ్మిది మందయ్యారు. కొమురమ్మ మడిచిన చాప మళ్లీ పరిచి, చాలక పక్కింటికి పరుగెత్తింది.

చివర్లో రజిత అందరికీ బొట్టు పెడుతూ వచ్చింది. స్వరూప, నేను పక్కపక్కన ఉన్నాం. మా ముందు ఆగిపోయింది. బరిణె ఎటు తిప్పాలో తెలియలేదు ఆ పిల్లకు.

"నా ముంగట ఆగుడెందుకే పిల్లా?" అంది స్వరూప. "నేను ఉప్పు డబ్బ చెప్పిన. రాసుకున్నవా లేదా?"

రజిత బరిణె కింద పెట్టి పుస్తకం తీసింది. కొమురమ్మ వంటింటి గుమ్మంలోంచి ఇదంతా చూసింది.

ఆ రాత్రి జనగామ చేరి తాళం తీశాను. పంతొమ్మిది మంది అని చెప్పడానికి నోటి దాకా వచ్చింది. అడిగే మనిషి లేడు. అన్నం వండుకొని తిన్నాను. చాలా రోజుల తర్వాత ఆకలిగా తిన్నాను.

పిలుపు

రెండు వారాలకు సరుకుతో వెళ్లాను. స్వరూప ఇంట్లో కూర్చొని ఉప్పు డబ్బా ఇస్తున్నాను. గడప దగ్గర అలికిడైంది. కొమురమ్మ. ఆ ఇంటికి ఎన్నేళ్లుగానో రాలేదని తర్వాత స్వరూప చెప్పింది.

లోపలికి వచ్చింది. కుర్చీ ఉన్నా కింద, గోడకు ఆనుకొని కూర్చుంది. చేతిలో బరిణె లేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"స్వరూపా, జర మంచినీళ్లియ్యి బిడ్డా."

స్వరూప నీళ్లు తెచ్చింది. కొమురమ్మ గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగింది. నేను కాలనీలో ఎలా పిలిచానో ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. రజిత అయి ఉండాలి.

"మా బిడ్డకు పాప పుట్టింది. ఎల్లుండి తొట్టెల" అంది గ్లాసు వైపు చూస్తూ. "ఇద్దరు రావాలె. శోభమ్మా, నువ్వు గూడ. రేగొండల మీ చెల్లెలింట్ల ఉంటవు గద."

స్వరూప నా వైపు చూసింది. తప్పకుండా వస్తాం అనలేదు ఇద్దరిలో ఎవరమూ.

"ఎన్ని గంటలకు, వదినా?" అని అడిగాను.

"పది గొట్టంగ" అంది కొమురమ్మ. "వచ్చేటప్పుడు ఒక చాప తే."